ట్రైనింగ్ పూర్తయింది, సర్టిఫికెట్ వచ్చింది... మరి పని మారిందా?

అమెరికాలో ఉద్యోగాలు చేసే మన తెలుగువాళ్ల ఇళ్లలో ట్రైనింగ్ అనే మాట వినపడని నెల ఉండదు. ఐటీలో ఉన్నవారికి ఏటా సైబర్ సెక్యూరిటీ మాడ్యూళ్లు, హాస్పిటల్లో పనిచేసేవారికి కొత్త సాఫ్ట్‌వేర్ మీద క్లాసులు, వేర్‌హౌస్‌లో ఉన్నవారికి సేఫ్టీ ట్రైనింగ్, ఎమ్మెస్ ముగించి ఓపీటీ మీద ఉన్న పిల్లలకి ట్రైనింగ్ ప్లాన్. ఇవి చాలవన్నట్టు ఉద్యోగం మారడానికి సొంత డబ్బు పెట్టి చేరే కోర్సులు. వీటిలో ఏది నిజంగా పనికొచ్చింది, ఏది మొక్కుబడిగా సాగింది అని అడిగితే మాత్రం చాలామంది దగ్గర జవాబు ఉండదు. "బాగానే చెప్పారండీ" అంటారు, అక్కడితో సరి.

నేను సరుకులు పంపిణీ చేసే ఒక కంపెనీలో ట్రైనింగ్ విభాగంలో పనిచేస్తున్నాను. క్లాసు చెప్పడం కన్నా, ఆ క్లాసు వల్ల ఏం ఒరిగిందో లెక్క తేల్చడమే నా పనిలో ఎక్కువ భాగం. ఈ లెక్క తెలిస్తే మూడు రకాలవారికి ఉపయోగం. ఒకరు, టీమ్‌కి ట్రైనింగ్ ఇప్పించి దాని ఖర్చుని పైవాళ్లకి సమర్థించుకోవాల్సిన మేనేజర్లు. రెండోవారు, తాము నేర్చుకున్నది రివ్యూలో చూపించుకోవాల్సిన ఉద్యోగులు. మూడోవారు, కోర్సు ఫీజు కట్టాలా వద్దా అని ఇంట్లో తర్జనభర్జన పడే తల్లిదండ్రులు, భార్యాభర్తలు. ముగ్గురికీ పనికొచ్చేలా ఈ విషయాన్ని ఒకచోట పెడుతున్నాను.

నాలుగు మెట్లు

ట్రైనింగ్ ఫలితం కొలవడం గురించి ఎవరు మాట్లాడినా ముందు వచ్చే పేరు డొనాల్డ్ కిర్క్‌ప్యాట్రిక్. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో 1954లో సూపర్‌వైజర్ల శిక్షణ మీద పీహెచ్‌డీ చేసిన ఆయన, 1959 నుంచి వరుస వ్యాసాల్లో నాలుగు మెట్ల పద్ధతిని వివరించారు. 1994లో అది పుస్తకంగా వచ్చింది. ఈనాటికీ చాలా కంపెనీల ట్రైనింగ్ విభాగాలు ఈ భాషలోనే మాట్లాడతాయి.

మొదటి మెట్టు, స్పందన: వచ్చినవారికి క్లాసు నచ్చిందా?
రెండో మెట్టు, నేర్చుకోవడం: ముందు తెలియనిది ఇప్పుడు తెలిసిందా? చేతకానిది చేతనైందా?
మూడో మెట్టు, ప్రవర్తన: సీటు దగ్గరికి వెళ్లాక పనిచేసే తీరు మారిందా?
నాలుగో మెట్టు, ఫలితం: దానివల్ల తప్పులు, ప్రమాదాలు, ఆలస్యాలు, ఖర్చు తగ్గాయా?

తర్వాత జాక్ ఫిలిప్స్ అనే నిపుణుడు దీనికి ఐదో మెట్టు కలిపారు. పెట్టిన ప్రతి డాలరుకి ఎంత తిరిగి వచ్చిందన్నది ఆ మెట్టు.

చెప్పుకోవడానికి సులువే. చిక్కేమిటంటే, మెట్టు ఎక్కేకొద్దీ కొలవడం కష్టం, ఖర్చు. అందుకని ఎక్కువ చోట్ల మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయి, పైకి వెళ్లినట్టు రిపోర్టు రాసేస్తారు.

నచ్చడం వేరు, నేర్చుకోవడం వేరు

మన పెళ్లిళ్లలో భోజనాలయ్యాక చేతులు కడుక్కుని బయటికొచ్చే చుట్టాన్ని "భోజనం ఎలా ఉంది?" అని అడిగితే ఎవరైనా ఏమంటారు? బాగుందనే. క్లాసు చివర్లో ఇచ్చే ఫీడ్‌బ్యాక్ ఫారం కూడా ఇంచుమించు అంతే. మాస్టారు సరదాగా మాట్లాడారా, గది చల్లగా ఉందా, మధ్యాహ్నం పిజ్జా పెట్టారా అన్నవి కూడా ఆ మార్కుల్లో కలిసిపోతాయి.

ఈ విషయం మీద అంతకు ముందు జరిగిన పలు అధ్యయనాలని కలిపి 1997లో అలిగర్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు ఒక విశ్లేషణ ప్రచురించారు. క్లాసు నచ్చిందన్నదానికీ, నిజంగా నేర్చుకున్నదానికీ సంబంధం చాలా తక్కువని తేలింది. "ఇది నా పనికి ఉపయోగపడుతుంది" అన్న అభిప్రాయానికి మాత్రం దానికన్నా కొంత ఎక్కువ సంబంధం కనిపించింది.

అందుకే ఫారంలో "నచ్చిందా?" అన్న ప్రశ్న తీసేసి, ఇలాంటివి పెట్టమని మా దగ్గర చెబుతాను: వచ్చే సోమవారం మీరు మార్చబోయే ఒక పని ఏది? దానికి అడ్డం వచ్చేది ఏది? మీ మేనేజర్‌కి ఈ క్లాసు సంగతి తెలుసా? ఈ జవాబుల్లో ఐదు నక్షత్రాలు ఉండవు కానీ, మూడో మెట్టు మీద ఏం జరగబోతోందో ముందే తెలుస్తుంది.

పరీక్ష ఎప్పుడు పెట్టాలి?

రెండో మెట్టు పరీక్షతో తేలుతుంది. అయితే క్లాసు అయిన పది నిమిషాలకి పెట్టే క్విజ్ చెప్పేది తక్కువ. జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లో తన మీదే ప్రయోగాలు చేసుకుని, నేర్చుకున్నది మొదటి గంటల్లోనే ఎక్కువగా జారిపోతుందనీ, తర్వాత ఆ జారుడు నెమ్మదిస్తుందనీ చూపించారు. ఆయన వాడినవి అర్థంలేని అక్షరాల ముక్కలు, మనవి అర్థమున్న పనులు. కాబట్టి ఎంత శాతం మర్చిపోతామన్నది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. మరుపు సంగతి మాత్రం ఎవరికైనా అంతే.

అందుకని మూడు సార్లు అడగాలి: క్లాసుకి ముందు, క్లాసు అవగానే, నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత. ముందు పరీక్ష ఎందుకంటే, 90 మార్కులు వచ్చినవాడికి అంతకు ముందే 88 తెలిసి ఉంటే క్లాసు ఇచ్చింది రెండు మార్కులే. ప్రశ్నలు కూడా "ఫలానా నియమం ఏమిటి?" అని కాకుండా, "కస్టమర్ ఇలా అన్నాడు, మీరేం చేస్తారు?" అన్నట్టు పనిలోంచి పుట్టాలి.

ఫోర్క్‌లిఫ్ట్ చెప్పే పాఠం

మూడో మెట్టు ఎలా ఉండాలో చూపించడానికి నేను ఎప్పుడూ ఫోర్క్‌లిఫ్ట్‌నే ఉదాహరణగా తీసుకుంటాను. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా నియమాల ప్రకారం ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవారికి మూడూ ఉండాలి: పాఠం, చేతులతో అభ్యాసం, పనిచేసే చోట వారి నడకని గమనించి చేసే మదింపు. వీడియో చూసి క్విజ్ పాసైతే సరిపోదు. ఆ మదింపు కనీసం మూడేళ్లకోసారి మళ్లీ చేయాలి. ప్రమాదం జరిగినా, త్రుటిలో తప్పినా, ప్రమాదకరంగా నడుపుతూ కనిపించినా, వేరే రకం బండి ఇచ్చినా, పనిచేసే చోటు పరిస్థితి మారినా మూడేళ్ల దాకా ఆగకుండా మళ్లీ శిక్షణ ఇవ్వాలి.

ఇందులో ఉన్న ఆలోచన చూడండి. నేర్చుకున్నాడా అన్న ప్రశ్నకి జవాబు గదిలో కాదు, అటూ ఇటూ మనుషులు తిరిగే సరుకు గోడౌన్‌లో ఉంది. మలుపు దగ్గర హారన్ కొట్టాడా? బరువెత్తి ఉండగా ఫోర్కులు కిందికి ఉంచి నడిపాడా? దిగేటప్పుడు బ్రేకు వేశాడా? ఇలా ఎనిమిదో పదో పనులు కాగితం మీద రాసుకుని, ఒక్కోదాని పక్కన అవును, కాదు అని టిక్కు పెట్టుకుంటూ పోవడమే. మా దగ్గర ఇది చేసేది ట్రైనర్ కాదు, ఆ షిఫ్టు లీడ్. చెప్పినవారే మార్కులు వేస్తే చెయ్యి కొంచెం జారుతుంది కదా!

కోడ్ రివ్యూకి, నర్సింగ్ షిఫ్టు మార్పిడికి, కస్టమర్ కాల్‌కి, రెస్టారెంట్ వంటగది శుభ్రతకి ఇదే పద్ధతి పనికొస్తుంది. "కమ్యూనికేషన్ మెరుగుపడాలి" అంటే ఎవరూ కొలవలేరు. "షిఫ్టు అప్పగించేటప్పుడు రోగి మందులు, అలర్జీలు, చేయాల్సిన పరీక్షలు మూడూ నోటితో చెప్పారా?" అంటే ఎవరైనా కొలవగలరు.

ఒకే ట్రైనింగ్, మూడు లెక్కలు

ఇక డబ్బు సంగతి. సూత్రం చిన్నదే: లాభంలోంచి ఖర్చు తీసేసి, మిగిలినదాన్ని ఖర్చుతో భాగించి, వందతో గుణించాలి. మాయంతా లాభం, ఖర్చు అన్న మాటల్లో ఏం కలిపాం, ఏం వదిలేశాం అన్నదాంట్లోనే ఉంటుంది. కిందిది ఊహించుకున్న ఉదాహరణ, కానీ ఇలాంటి రిపోర్టులు నా బల్ల మీదికి తరచూ వస్తుంటాయి.

బిల్లింగ్ టీమ్‌లో 40 మంది ఉన్నారు. అందరికీ 8 గంటల ట్రైనింగ్ ఇచ్చారు. బయటి సంస్థ ఫీజు 6,000 డాలర్లు. ట్రైనింగ్‌కి ముందు నెలకి 300 తప్పులు, తర్వాత 210. ఒక్కో తప్పు సరిదిద్దడానికి 25 డాలర్లు ఖర్చు.

మొదటి లెక్క: నెలకి 90 తప్పులు తగ్గాయి. 90ని 25తో, ఆపైన 12 నెలలతో గుణిస్తే ఏడాదికి 27,000 డాలర్లు. ఖర్చు 6,000. లాభం 350 శాతం. ఫీజు తీసుకున్న సంస్థ చూపించే లెక్క ఇదే.

రెండో లెక్క: ఆ 8 గంటలూ 40 మంది పని ఆపి కూర్చున్నారు. గంటకి 35 డాలర్ల చొప్పున 11,200 డాలర్లు. దాన్ని కలిపితే ఖర్చు 17,200. లాభం 57 శాతానికి దిగింది.

మూడో లెక్క: ట్రైనింగ్ తీసుకోని పక్క టీమ్‌లో కూడా అదే కాలంలో తప్పులు 300 నుంచి 270కి తగ్గాయి. అంటే 30 తప్పులు ఎలాగూ తగ్గేవే, బహుశా సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వల్ల. ట్రైనింగ్ ఖాతాలో పడేవి 60 మాత్రమే. ఏడాదికి 18,000 డాలర్లు. ఖర్చు 17,200. లాభం 5 శాతం కూడా లేదు.

మూడు లెక్కల్లోనూ అబద్ధం లేదు. మొదటిది ఖర్చులో సగానికి పైగా దాచింది, రెండోది పోలిక మరిచింది. ఎవరైనా 350 శాతం అని స్లైడు చూపిస్తే మీరు అడగాల్సిన ప్రశ్నలు రెండే: జీతాల గంటలు కలిపారా? ట్రైనింగ్ తీసుకోనివాళ్ల సంగతేమిటి?

జీతాల గంటల గురించి ఇంకో మాట. గంటల లెక్కన పనిచేసేవారు మన కుటుంబాల్లో చాలామంది ఉన్నారు. అమెరికా కార్మిక నియమాల ప్రకారం వారి ట్రైనింగ్ సమయానికి జీతం ఇవ్వక్కర్లేదంటే నాలుగు షరతులూ కలవాలి: అది మామూలు పనిగంటల బయట జరగాలి, రావడం పూర్తిగా వారి ఇష్టం మీద ఉండాలి, వారు చేసే ఉద్యోగానికి నేరుగా సంబంధం ఉండకూడదు, ఆ సమయంలో వేరే పని చేయకూడదు. ఒక్కటి తప్పినా ఆ గంటలు పనిగంటలే. "సెలవు రోజు వచ్చి ట్రైనింగ్ చేసుకో, దానికి డబ్బులుండవు, రాకపోతే కుదరదు" అంటే అది కుదిరే మాట కాదు.

పోలిక లేకపోతే ఏమవుతుంది?

పక్క టీమ్‌తో పోలిక ఎంత ముఖ్యమో చెప్పడానికి మూడు నిజమైన అధ్యయనాలు చాలు.

మొదటిది ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 2016లో మొదలైంది. అది ట్రైనింగ్ కాదు, ఉద్యోగుల ఆరోగ్య కార్యక్రమం. కానీ పాఠం అదే. దాదాపు 5 వేలమంది ఉద్యోగులని లాటరీ పద్ధతిలో విడదీసి, కొందరికే కార్యక్రమంలో చేరే అవకాశం ఇచ్చారు. చేరినవారినీ చేరనివారినీ మామూలుగా పోలిస్తే, చేరినవారి వైద్యఖర్చు తక్కువగా ఉంది. లాటరీ ప్రకారం పోలిస్తే మాత్రం మొదటి ఏడాది వైద్యఖర్చులో గానీ, సెలవుల్లో గానీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అసలు సంగతేమిటంటే, ఇష్టపడి చేరినవారు ముందునుంచే ఆరోగ్యంగా ఉన్నవారు. ఐచ్ఛిక ట్రైనింగ్‌లకి ముందు వరుసలో వచ్చి కూర్చునేది కూడా సాధారణంగా బాగా పనిచేసేవారే. వారి ఫలితాన్ని క్లాసు ఖాతాలో వేయడం సులువు.

రెండోది మన ఐటీవాళ్లందరికీ పరిచయమైన ఫిషింగ్ ట్రైనింగ్. యూసీ శాన్ డియాగో హెల్త్ సంస్థలో 19,500 మందికి పైగా ఉద్యోగుల మీద ఎనిమిది నెలల పాటు ఉత్తుత్తి ఫిషింగ్ మెయిళ్లు పంపి చూసిన అధ్యయనం 2025లో వెలువడింది. మెయిల్ నొక్కి దొరికిపోయినవారికి అక్కడికక్కడే చూపించే ట్రైనింగ్ వల్ల, ట్రైనింగ్ లేనివారితో పోలిస్తే మోసపోయే రేటులో వచ్చిన తేడా సగటున 1.7 శాతమే. ఏటా జరిగే తప్పనిసరి ట్రైనింగ్‌ని ఈమధ్యే పూర్తిచేశారా, ఎప్పుడో చేశారా అన్నదానికీ, మోసపోవడానికీ సంబంధం కనిపించలేదు. నూటికి నూరుమంది పూర్తిచేశారని డాష్‌బోర్డు పచ్చగా వెలుగుతున్నా, కంపెనీ భద్రంగా ఉందని దాని అర్థం కాదన్నమాట.

మూడోది ఆశ కలిగించేది, మన పొరుగున బెంగళూరులో జరిగింది. అక్కడి దుస్తుల ఫ్యాక్టరీల్లో కుట్టుపని చేసే మహిళలకి మాట తీరు, సమయపాలన, డబ్బు నిర్వహణ, సమస్యల పరిష్కారం లాంటి అంశాల్లో శిక్షణ ఇచ్చారు. ఎవరికి సీటు దక్కాలన్నది లాటరీ మీద నిర్ణయించి, ముగ్గురు ఆర్థికవేత్తలు ఫలితం కొలిచారు. శిక్షణ పొందినవారి ఉత్పాదకత పెరిగింది. కార్యక్రమం ముగిసిన తొమ్మిది నెలలకల్లా కంపెనీకి నికరంగా దాదాపు 250 శాతం లాభం వచ్చిందని తేల్చారు. అయితే ఆ మహిళల జీతాలు పెరిగింది మాత్రం చాలా స్వల్పం.

ఈ చివరి వాక్యం దగ్గర కాస్త ఆగాలి. ట్రైనింగ్ ఫలించిందా అని అడిగేటప్పుడు ఎవరికి ఫలించిందని కూడా అడగాలి. కంపెనీకి 250 శాతం లాభం తెచ్చిన నైపుణ్యం ఉద్యోగి జీతంలో కనిపించకపోవచ్చు. మీ పనిలో వచ్చిన మార్పుని మీరే అంకెలతో రాసిపెట్టుకుని రివ్యూకి తీసుకెళ్లకపోతే, మీ తరఫున ఎవరూ రాయరు.

నేర్చుకున్నది పనిలోకి ఎందుకు రాదు?

రెండో మెట్టు ఎక్కి మూడో మెట్టు దగ్గర జారిపోవడం చాలా మామూలు. టిమోతీ బాల్డ్‌విన్, కెవిన్ ఫోర్డ్ 1988లో రాసిన సమీక్షలో దీనికి మూడు మూలాలు చూపించారు: నేర్చుకునే మనిషి, క్లాసు రూపకల్పన, పనిచేసే చోటు. మనం తిట్టేది మొదటి రెంటినీ. నేను చూసినంతవరకు ఎక్కువగా అడ్డం పడేది మూడోదే.

కొత్త పద్ధతి నేర్పించి, పాత పద్ధతిలో చేసినవారికే త్వరగా అయిపోయిందని మెచ్చుకుంటే ఎవరు మారతారు? క్లౌడ్ కోర్సు చేయించి ఆరు నెలల దాకా ఆ ప్రాజెక్టే ఇవ్వకపోతే నేర్చుకున్నది ఎక్కడ నిలుస్తుంది? ఈత పుస్తకం చదివించి చెరువు దగ్గరికి తీసుకెళ్లకపోవడమే అది. అందుకని ట్రైనింగ్ ఫలించలేదని తేలినప్పుడు ముందు అడగాల్సింది: ఆ పని చేసే అవకాశం వారికి ఎన్ని రోజుల్లో దొరికింది?

భాష కూడా ఇందులో భాగమే. ఓషా 2010లో ఇచ్చిన విధాన ప్రకటన ప్రకారం, భద్రతా శిక్షణ కార్మికులకి అర్థమయ్యే భాషలో, అర్థమయ్యే మాటల్లో ఉండాలి. కార్మికుడికి ఇంగ్లీష్ రాకపోతే ఇంగ్లీష్‌లో చెప్పి సంతకం తీసుకుంటే అది శిక్షణ ఇచ్చినట్టు కాదు. గల్ఫ్‌లో నిర్మాణ పనుల్లో ఉన్న మనవాళ్లకి ఈ అమెరికా నియమం వర్తించదు గానీ, పరీక్షించే పద్ధతి ఏ దేశంలోనైనా ఒకటే. "అర్థమైందా?" అని అడగొద్దు. తల ఊపుతారు. "చేసి చూపించన్నా" అనండి.

ఓపీటీ పిల్లలకి: ఐ-983ని మొక్కుబడిగా చూడొద్దు

మన పిల్లల్లో చాలామందికి తెలియకుండానే చట్టపరంగా ట్రైనింగ్ మదింపు చేయాల్సిన బాధ్యత ఉంది. స్టెమ్ ఓపీటీ 24 నెలల పొడిగింపు కావాలంటే ఐ-983 అనే ట్రైనింగ్ ప్లాన్ నింపాలి. విద్యార్థి, యజమాని ఇద్దరూ సంతకం చేస్తారు. అందులో ఏం నేర్చుకుంటారు, చదివిన డిగ్రీకి దానితో సంబంధం ఏమిటి, ఎవరు పర్యవేక్షిస్తారు, నేర్చుకున్నది ఎలా కొలుస్తారు అని స్పష్టంగా అడుగుతారు.

అక్కడితో అయిపోదు. మొదలైన 12 నెలల్లోపు ఒక స్వీయ మదింపు, శిక్షణ ముగిసేటప్పుడు చివరి మదింపు రాయాలి. యజమాని సంతకంతో గడువు తేదీ తర్వాత 10 రోజుల్లోపు యూనివర్సిటీలోని డీఎస్ఓకి అందించాల్సింది విద్యార్థే. మధ్యలో జీతం తగ్గడం, పనిగంటలు బాగా తగ్గడం, లక్ష్యాలు మారడం లాంటి ముఖ్యమైన మార్పులు జరిగితే ప్లాన్ సవరించి ఇవ్వాలి.

చాలామంది స్నేహితుడి ఫారం చూసి అవే నాలుగు వాక్యాలు దించేస్తారు. అమ్మానాన్నలు ఫోన్ చేసినప్పుడు తినడం గురించి అడిగినట్టే దీని గురించి కూడా ఒక్కసారి అడగండి. రాసిన లక్ష్యం కొలవగలిగేదిగా ఉందా? "జావా నేర్చుకుంటాను" కాకుండా, "ఆరు నెలల్లో పేమెంట్ మాడ్యూల్‌కి టెస్టులు సొంతంగా రాస్తాను, వాటిని ఫలానా సీనియర్ చూస్తారు" అని ఉండాలి. అలా రాసుకున్నవారికి ఏడాది చివర మదింపు రాయడం పది నిమిషాల పని. వీసా దారిలో ఎవరైనా ప్రశ్నిస్తే చేతిలో ఆధారం ఉంటుంది. ప్రతి కేసూ వేరు కాబట్టి అనుమానం వస్తే డీఎస్ఓనే అడగాలి, వాట్సాప్ గ్రూపుని కాదు.

కోర్సుకి ఫీజు కట్టే ముందు

"మా దగ్గర చేరినవారిలో 85 శాతం మందికి ఉద్యోగాలు" అన్న ప్రకటన చూడగానే డౌన్ పేమెంట్ కట్టేసేవారున్నారు. అమెరికా వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ సీఎఫ్‌పీబీ 2024 ఏప్రిల్‌లో బ్లూమ్‌టెక్ అనే కోడింగ్ స్కూల్ మీద చర్య తీసుకుంది. ఆ స్కూల్ 71 నుంచి 86 శాతం మందికి ఆరు నెలల్లో ఉద్యోగాలు వచ్చాయని ప్రచారం చేసుకుంది. లోపలి లెక్కలు మాత్రం 50 శాతం దగ్గర, కొన్నిసార్లు 30 శాతం దాకా ఉన్నాయని సీఎఫ్‌పీబీ చెప్పింది.

శాతం చూసినప్పుడు దేనిలో శాతమో అడగాలి. ఒక ఉదాహరణ చూడండి. 100 మంది చేరారు, 60 మంది పూర్తిచేశారు, వారిలో 40 మంది సర్వేకి జవాబిచ్చారు, 34 మందికి ఉద్యోగం ఉంది. 34ని 40తో భాగిస్తే 85 శాతం. చేరిన 100తో భాగిస్తే 34 శాతం. ఫీజు కట్టింది వందమందీ కదా!

చేరే ముందు ఈ ప్రశ్నలు రాతపూర్వకంగా, అంటే మెయిల్‌లో అడగండి.

చేరినవారు ఎందరు, పూర్తిచేసినవారు ఎందరు?
ఉద్యోగం అంటే కోర్సుకి సంబంధించినదేనా, పార్ట్ టైం కూడా లెక్కేశారా?
ఎన్ని నెలల్లో వచ్చింది? ముందే ఆ రంగంలో అనుభవం ఉన్నవారు ఎందరు?
గత బ్యాచ్‌లో మీరు ఎంచుకోని, నేను ఎంచుకున్న ఇద్దరితో మాట్లాడవచ్చా?
మధ్యలో మానేస్తే ఎంత వెనక్కి ఇస్తారు?

జవాబు మెయిల్‌లో రాకుండా "ఫోన్ చేయండి, చెబుతాం" అంటే అదే మీకు జవాబు. లేని అనుభవాన్ని రెజ్యూమెలో పెట్టిస్తామన్నవారి దగ్గరైతే మిగతా ప్రశ్నలతో పనే లేదు, లేచి వచ్చేయండి. ఆ అబద్ధం బయటపడితే పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు, ఇమ్మిగ్రేషన్ రికార్డు కూడా.

చిన్న టీమ్‌లో ఎలా చేయాలి?

పరిశోధకుల్లా లాటరీలు తీయడం మనకి కుదరకపోవచ్చు. పది పదిహేనుమంది ఉన్న టీమ్‌లో కూడా చేయదగ్గ పద్ధతి ఇది.

ట్రైనింగ్‌కి నెల ముందు: ఏ అంకె మారాలో ఒక్కటి ఎంచుకుని, గత ఆరు నెలల లెక్క రాసిపెట్టండి. ఒక్క నెల లెక్క చాలదు. మరీ చెడ్డ నెల తర్వాత వచ్చే నెల ఎలాగూ కొంచెం మెరుగ్గానే ఉంటుంది. చాలా ట్రైనింగ్‌లు చెడ్డ నెల చూసి భయపడి పెట్టినవే కాబట్టి, ఆ సహజమైన కోలుకోవడం ట్రైనింగ్ ఘనతగా కనిపిస్తుంది.

ట్రైనింగ్ వారం: అందరినీ ఒకేసారి పంపకండి. సగం మందిని ఇప్పుడు, మిగతా సగాన్ని రెండు నెలల తర్వాత పంపండి. ఎవరు ముందన్నది చీటీలు తీసి నిర్ణయించండి. రెండో బృందమే మీకు పోలిక. ఎవరికీ అన్యాయం జరగదు, అందరికీ ట్రైనింగ్ అందుతుంది.

నాలుగు వారాలకి: పనిచేస్తుండగా గమనించి టిక్కుల కాగితం నింపండి. ట్రైనర్ కాకుండా వేరేవారు నింపాలి.

ఎనిమిది వారాలకి: బాగా వాడుకున్న ఇద్దరినీ, అసలు వాడుకోని ఇద్దరినీ కూర్చోబెట్టి విడివిడిగా ఎందుకని అడగండి. రాబర్ట్ బ్రింకర్‌హాఫ్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇలాంటిదే. సగటు అంకె చెప్పని కారణం ఈ నలుగురి మాటల్లో దొరుకుతుంది.

మూడు నుంచి ఆరు నెలలకి: మొదట రాసిన అంకె మళ్లీ చూడండి, రెండు బృందాలనీ పోల్చండి, జీతాల గంటలు కలిపి ఖర్చు లెక్కేయండి. తర్వాత కొనసాగించాలా, మార్చాలా, ఆపాలా అన్న మూడింట్లో ఒకటి నిర్ణయించండి. మనుషులు కొద్దిమందే కాబట్టి చిన్న తేడాని పెద్ద విజయంగా ప్రకటించకండి. తేడా ఏ వైపు ఉంది, నాలుగో వారం గమనించినదానితో అది కలుస్తోందా అన్నది చూస్తే చాలు.

ప్రతి ట్రైనింగ్‌కీ ఇంత చేయక్కర్లేదు. గంటసేపు సాగే చిన్న క్లాసుకి రెండో మెట్టు చాలు. ప్రాణాలతో, పెద్ద ఖర్చుతో, వీసాతో ముడిపడినదైతే మూడో మెట్టుకి తక్కువ కాకుండా కొలవాలి. ఏది ఎంతవరకు కొలవాలో ట్రైనింగ్ మొదలు కాకముందే నిర్ణయించుకోండి. అయిపోయాక మొదలుపెడితే పోల్చడానికి పాత అంకె మన దగ్గర ఉండదు.